ఛాలెంజర్ టీవీ: ఒక టెన్నిస్ ఆటగాడి ఏడాదిని ఇంట్లో కూర్చుని చూడవచ్చా?

పురుషుల వృత్తి టెన్నిస్‌ను నిర్వహించే ఏటీపీ, తన వెబ్‌సైట్‌లో ఛాలెంజర్ స్థాయి టోర్నమెంట్లను రుసుమేమీ లేకుండా ప్రత్యక్ష ప్రసారం చేస్తుంది. ఛాలెంజర్ టీవీ అని పిలిచే ఈ సేవను బెంగళూరులోని మా ఇంటి నుంచి 2024 సీజన్ పొడవునా వాడాను. సుమిత్ నాగల్ అనే ఒకే ఒక్క ఆటగాడి ఏడాదిని జనవరి నుంచి ఆగస్టు చివర జరిగే అమెరికన్ ఓపెన్ దాకా విడవకుండా చూడాలన్నది నా ఉద్దేశం. ఆ పనికి ఈ సేవ ఎంతవరకు అక్కరకొచ్చింది, ఎక్కడ ఆగిపోయింది అన్నదే ఈ సమీక్ష. టెన్నిస్ ఆటగాడి జీవనం ఎలా గడుస్తుందో తెలుసుకోవాలనుకునేవారికి దీనికి మించిన తెర లేదని నా గట్టి నమ్మకం. అయితే ఒకే ఆటగాడి వెంట నడవాలనుకునేవారికి ఇది దారి పొడవునా తోడు రాదు.

గ్రాండ్ స్లామ్‌లు, వాటి కింద మాస్టర్స్ 1000, 500, 250 స్థాయి టోర్నమెంట్లు మనకు వార్తల్లో కనిపించేవి. వాటికి దిగువన ఉండేదే ఛాలెంజర్ టూర్. అందులో 50, 75, 100, 125, 175 అని అంచెలుంటాయి. విజేతకు దక్కే ర్యాంకింగ్ పాయింట్లు కూడా సరిగ్గా అన్నే. ర్యాంకు వందకు అటూ ఇటూ ఊగిసలాడేవారు, గాయం మాని తిరిగి వస్తున్నవారు, జూనియర్ స్థాయి దాటి నిన్ననే అడుగుపెట్టిన కుర్రవాళ్లు, ఒకప్పుడు పెద్ద కోర్టుల్లో ఆడి ఇప్పుడు మళ్లీ మెట్లెక్కుతున్నవారు అందరూ ఒకే డ్రాలో, అంటే ఎవరు ఎవరితో ఆడాలో తేల్చే పట్టికలో, తలపడతారు. 2024 ఫిబ్రవరిలో చెన్నై, బెంగళూరు, పుణె, ఢిల్లీలలో వారం వెంట వారం జరిగిన నాలుగు టోర్నమెంట్లూ ఈ స్థాయివే. కబ్బన్ పార్కులోని కర్ణాటక రాష్ట్ర లాన్ టెన్నిస్ సంఘం కోర్టుల్లో జరిగే బెంగళూరు ఓపెన్‌కు తెలుగువారికి గుర్తుండాల్సిన చరిత్ర కూడా ఉంది. 2018లో అక్కడి ఫైనల్‌లో ప్రజ్ఞేశ్ గుణేశ్వరన్‌తో తలపడినది విజయవాడలో పుట్టిన మన సాకేత్ మైనేని. ఆ మ్యాచ్‌లో సాకేత్ ఓడిపోయినా, ఒక భారత ఛాలెంజర్ ఫైనల్‌లో ఇద్దరూ మనవాళ్లే నిలవడం ఎంత అరుదో టెన్నిస్ అనుసరించేవారికి తెలుసు.

నాగల్‌నే ఎంచుకోవడానికి కారణాలున్నాయి. హర్యానాలోని ఝజ్జర్ నుంచి వచ్చిన ఈ ఆటగాణ్ణి పదేళ్ల ప్రాయంలో మహేశ్ భూపతి తన శిక్షణ పథకానికి ఎంచుకుని బెంగళూరుకు తీసుకొచ్చాడు. 2015లో వింబుల్డన్ బాలుర డబుల్స్ టైటిల్, 2017లో బెంగళూరు ఓపెన్ టైటిల్, 2019 అమెరికన్ ఓపెన్ తొలి రౌండ్‌లో రోజర్ ఫెదరర్ మీద మొదటి సెట్ గెలుపు, 2021 చివర తుంటికి శస్త్రచికిత్స. ఇదీ అప్పటిదాకా ఆయన కథ. 2023 సెప్టెంబరులో తన బ్యాంకు ఖాతాలో 900 యూరోలే మిగిలాయని ఆయన పత్రికలవారితో బహిరంగంగా చెప్పాడు. దేశంలో సింగిల్స్‌లో మొదటి స్థానంలో ఉన్న ఆటగాడి ఖాతాలో లక్ష రూపాయలు కూడా లేవన్న ఆ వార్త నన్ను చాలా కలచివేసింది. అలాంటి స్థితిలో ఉన్న మనిషి మరుసటి ఏడాది ఏం చేస్తాడో, ఎలా చేస్తాడో ఒక్కో వారం చొప్పున చూడాలనిపించింది.

ఆ ఏడాది మెల్‌బోర్న్‌లో మొదలైంది. ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ర్యాంకు చాలనివారికి పెట్టే మూడు క్వాలిఫయింగ్ రౌండ్లు దాటి అసలు పోటీ అయిన మెయిన్ డ్రాలోకి వచ్చిన నాగల్, కనుమ నాడు, అంటే జనవరి 16న, 31వ సీడ్ (ర్యాంకును బట్టి ముందే ప్రత్యేక స్థానం ఇచ్చిన ఆటగాడు) అలెగ్జాండర్ బుబ్లిక్‌ను 6-4, 6-2, 7-6 తేడాతో ఓడించాడు. గ్రాండ్ స్లామ్ సింగిల్స్‌లో ఒక సీడెడ్ ఆటగాణ్ణి భారత పురుషుడు ఓడించడం 1989 తరువాత అదే మొదటిసారి. అప్పుడు అదే మెల్‌బోర్న్‌లో మాట్స్ విలాండర్‌ను ఓడించినవాడు రమేశ్ కృష్ణన్. ఈ మ్యాచ్ మాత్రం ఛాలెంజర్ టీవీలో రాదు. గ్రాండ్ స్లామ్‌లు ఏటీపీ చేతిలోనివి కావు. వాటి ప్రసార హక్కులు వేరే సంస్థలవి. ఆస్ట్రేలియన్ ఓపెన్‌ను ఆ ఏడాది మన దేశంలో సోనీ చూపించింది. రెండో రౌండ్‌లో చైనా కుర్రవాడు షాంగ్ జున్‌చెంగ్ చేతిలో నాగల్ నాలుగు సెట్లలో ఓడిపోయాడు. అప్పటికే ఆయనకు 1,80,000 ఆస్ట్రేలియన్ డాలర్లు, మన లెక్కలో కోటి రూపాయలకు కాస్త తక్కువ, ఖాయమైపోయాయి. నాలుగు నెలల కిందట 900 యూరోలు ఉన్న ఖాతా అది.

ఫిబ్రవరి మొదటి వారంలో నాగల్ చెన్నైకి వచ్చాడు. ఛాలెంజర్ టీవీ నిజంగా పనిలోకి దిగినది అక్కడే. నుంగంబాక్కం స్టేడియంలో జరిగిన ఆ 100 స్థాయి టోర్నమెంట్‌లో ఆయన ఒక్క సెట్టూ కోల్పోకుండా ఐదు మ్యాచ్‌లు గెలిచి, ఫైనల్‌లో ఇటలీకి చెందిన లూకా నార్డీని 6-1, 6-4తో ఓడించాడు. మరునాడు వచ్చిన ర్యాంకింగ్‌లో ఆయన స్థానం 98. జీవితంలో తొలిసారి మొదటి వందలో అడుగు పెట్టాడు. 2019లో ప్రజ్ఞేశ్ తరువాత సింగిల్స్‌లో ఆ గీత దాటిన భారతీయుడు కూడా ఆయనే. మెల్‌బోర్న్ విజయం గురించి దేశమంతా మాట్లాడుకుంది. ఆ వందో గీత దాటించిన చెన్నై వారాన్ని ఉచితంగా ఇంట్లో కూర్చుని చూడగలిగే అవకాశం ఉన్నా చూసినవారు నా ఎరుకలో చాలా కొద్దిమంది.

ఇక తెర గురించి వివరంగా చెప్పాలి. ఛాలెంజర్ టీవీలో బేస్‌లైన్ వెనుక ఎత్తున నిలిపిన ఒకే ఒక కెమెరా ఉంటుంది. అది కదలదు. దగ్గరి ముఖాలు ఉండవు, నెమ్మదిగా తిప్పి చూపే రీప్లేలు ఉండవు, పాయింటుకూ పాయింటుకూ మధ్య ప్రేక్షకుల మీదికో ఆటగాడి కుటుంబం మీదికో మళ్లే దృశ్యాలు ఉండవు. ప్రధాన కోర్టు మ్యాచ్‌లకు తరచు ఒక వ్యాఖ్యాత గొంతు వినిపిస్తుంది, పక్క కోర్టుల్లో చాలాసార్లు అదీ ఉండదు. పెద్ద టోర్నమెంట్ల ప్రసారానికి అలవాటుపడిన కంటికి మొదట ఇది పేదగా కనిపిస్తుంది. కానీ ఒక సెట్టు ఓపిగ్గా చూస్తే ఆ కదలని కెమెరాయే ఈ సేవకు ప్రాణమని అర్థమవుతుంది.

ఎందుకంటే టెన్నిస్ బంతి దగ్గర జరిగేది సగమే. మిగతా సగం బంతి లేని చోట జరుగుతుంది. బంతి అవతలి కోర్టులో ఉన్నప్పుడు ఈవలివాడు ఎక్కడికి వెనుదిరిగాడు, ప్రత్యర్థి రాకెట్ తగిలే క్షణానికి రెండు పాదాలూ నేలను వదిలి తిరిగి మోపే ఆ చిన్న గెంతు వేశాడా లేదా, తరువాతి షాట్‌కు ఎడమకు ఒక అడుగు ముందే జరిగాడా అన్నవి దగ్గరి దృశ్యాల్లో ఎప్పటికీ కనిపించవు. కెమెరా కదలకపోవడం వల్ల కోర్టు గీతలే కొలబద్దలవుతాయి. నాగల్ ఎత్తు 178 సెంటీమీటర్లు మాత్రమే. ఆరున్నర అడుగుల మనుషులు సర్వీస్‌తోనే పాయింట్లు ముగించే ఈ కాలంలో ఆయనకు ఉచితంగా వచ్చే పాయింట్లు తక్కువ. ప్రతి పాయింటునూ కట్టుకోవాలి. బ్యాక్‌హ్యాండ్ మూలకు వచ్చిన బంతిని చుట్టూ తిరిగి ఫోర్‌హ్యాండ్‌తో కొట్టడానికి ఆయన వేసే అడుగులు, అలా తిరిగినప్పుడు ఖాళీగా వదిలే కుడివైపు, ఆ ఖాళీని ప్రత్యర్థి ఎన్నో గేమ్‌లో కనిపెడతాడు, కనిపెట్టాక నాగల్ ఎన్ని అడుగులు తగ్గించుకుంటాడు: ఇదంతా పూర్తి కోర్టు కనిపిస్తూ ఉంటేనే అందే విషయం. చెన్నై వారంలో నేను ఎక్కువగా చూసింది దీన్నే, స్కోరును కాదు.

ఈ విషయంలో మా అపార్టుమెంటులో ఉండే ఒక అనంతపురం మిత్రుడితో జరిగిన మాట చెప్పాలి. ఆయన కూతురు ఇక్కడి ఒక అకాడమీలో టెన్నిస్ నేర్చుకుంటోంది. “అన్నా, మా పాప ఫోన్‌లో రెండు నిమిషాల హైలైట్సే చూస్తది. మ్యాచ్ అంతా చూడమంటే విసుగంటది,” అన్నాడు. “పాపను ఒక సెట్టు చూడమను తమ్ముడూ, బంతిని వదిలేసి ఇటువైపు ఆడేవాడి కాళ్లను మాత్రమే చూడమను,” అన్నాను. ఆ అమ్మాయి చూసింది. కొన్ని రోజుల తరువాత తనంతట తానే వచ్చి, “పెదనాన్నా, వాళ్లు కొట్టినాక ఊరికే నిలబడరు కదా,” అంది. పిల్లలను ఈ ఆటలో పెట్టిన తల్లిదండ్రులకు ఈ సేవ గురించి నేను పట్టుబట్టి చెప్పేది అందుకే. హైలైట్స్‌లో కనిపించేది షాట్ మాత్రమే, ఆ షాట్‌కు దారితీసిన నడక కనిపించదు. పైగా ఛాలెంజర్లలో ఆడేవారి ఆట ఒక పిల్ల ఊహకు అందే దూరంలో ఉంటుంది. అక్కడ డబుల్ ఫాల్టులు ఉంటాయి, సులువైన వాలీ నెట్‌కు తగలడాలు ఉంటాయి, అవి జరిగిన తరువాత ఇరవై అయిదు సెకన్లలో మనసు సర్దుకుని మళ్లీ సర్వీస్ చేయడం కూడా ఉంటుంది. ఆ సర్దుకోవడాన్ని కోత లేకుండా చూపించేది ఈ కెమెరా ఒక్కటే.

శబ్దం గురించి కూడా ఒక మాట చెప్పాలి. వ్యాఖ్యానం లేని మ్యాచ్‌లలో బంతి రాకెట్ తీగల మధ్యన తగిలిందా, అంచున తగిలిందా అన్నది చెవికే తెలిసిపోతుంది. మంచి హెడ్‌ఫోన్లతో వింటే హార్డ్ కోర్టు మీద బూట్ల కీచుమనే చప్పుడు, మట్టి కోర్టు మీద జారుడు, చైర్ అంపైర్ మాట, ఆటగాడు తన కోచ్ వైపు తిరిగి అన్న ముక్క అన్నీ వినిపిస్తాయి. ఆ వివరాల కోసమే నేను వ్యాఖ్యానం ఉన్న మ్యాచ్‌లకంటే లేనివాటిని ఇష్టపడతాను. ఇది నా ఇష్టమే తప్ప అందరికీ నచ్చాలని లేదు.

ఈ తెరకు అందనిది ఒకటుంది, అది నాకు కబ్బన్ పార్కులో తెలిసింది. చెన్నైలో ఆదివారం ఫైనల్ ఆడిన నాగల్ ఆ వెంటనే మొదలైన బెంగళూరు ఓపెన్‌లో దిగి సెమీఫైనల్ దాకా వెళ్లాడు. మెట్రో దిగి నడిచి వెళ్లగలిగిన చోటు కావడంతో ఆ వారం మ్యాచ్‌లను స్టేడియంలో కూర్చుని చూశాను. చెన్నై సముద్ర మట్టంలో ఉంది. బెంగళూరు దానికి 900 మీటర్ల పైన ఉంది. ఎత్తున గాలి పలుచన కావడంతో బంతికి అడ్డు తగ్గి అది వేగంగా పోతుంది, అదుపు చేయడం కష్టమవుతుంది. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఎత్తైన ప్రదేశాలకు కేటాయించిన ప్రత్యేక బంతులు 1,219 మీటర్లు దాటిన చోట వాడేవి. కాబట్టి బెంగళూరులో మామూలు బంతులతోనే ఆడాలి. ఉక్కపోత గాలిలో బరువుగా కదిలిన బంతికి అలవాటుపడిన చేయి, రెండు మూడు రోజుల్లో పొడి గాలిలో ఎగిరిపోయే బంతికి మారాలి. ఆటగాళ్లు తీగలను కొంచెం బిగించుకునేది ఇలాంటి మార్పుల కోసమే. పైనుంచి చూసే కెమెరా బంతి ఎత్తునూ వేగాన్నీ చదును చేసేస్తుంది. నాగల్ ఫోర్‌హ్యాండ్ నెట్ మీదుగా ఎంత ఎత్తున వెళ్లి ఎంత నిటారుగా లేస్తుందో కోర్టు పక్కన కూర్చున్నప్పుడే తెలిసింది. సెమీఫైనల్‌లో ఆయన ఇటలీకి చెందిన స్టెఫానో నపోలిటానో చేతిలో ఓడిపోయాడు, నపోలిటానోయే ఆ తరువాత టైటిల్ గెలిచాడు. వరుసగా రెండు వారాలు చివరిదాకా ఆడిన కాళ్లు ఎలా ఉంటాయో ఆ రోజు కళ్లతో చూశాను. 2008లో సెరెనా విలియమ్స్ బెంగళూరు టైటిల్ గెలిచిన కోర్టులివి. ఛాలెంజర్ టీవీ చూసేవారు తమ ఊళ్లో టోర్నమెంట్ జరిగినప్పుడు తప్పకుండా వెళ్లి చూడాలి. ఒకసారి కోర్టు పక్కన కూర్చుని వచ్చాక అదే తెర మీద కనిపించే బంతికి ఎంత బరువుందో మనసు తనంతట తానే అంచనా వేసుకోగలుగుతుంది.

ఆ తరువాతే ఈ సేవ పరిమితి బయటపడుతుంది. మొదటి వందలో చేరిన ఆటగాడు సహజంగానే పెద్ద టోర్నమెంట్లకు వెళతాడు. మార్చిలో ఇండియన్ వెల్స్‌లో క్వాలిఫయింగ్ చివరి రౌండ్ ఓడిన నాగల్‌కు, రఫాయెల్ నడాల్ తప్పుకోవడంతో ఖాళీ అయిన చోటు దక్కింది; మెయిన్ డ్రాలో మిలోస్ రవోనిచ్ చేతిలో ఓడాడు. ఏప్రిల్‌లో మోంటే కార్లోలో రెండు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు గెలిచి, ఉగాదికి ముందు రోజు మాటియో ఆర్నాల్డీని మూడు సెట్లలో ఓడించాడు. మట్టి కోర్టు మీద మాస్టర్స్ 1000 మెయిన్ డ్రాలో సింగిల్స్ మ్యాచ్ గెలిచిన తొలి భారతీయుడు ఆయనే. రెండో రౌండ్‌లో హోల్గర్ రూన్ నుంచి ఒక సెట్టు కూడా లాక్కున్నాడు. ఇవన్నీ చూడాలంటే టెన్నిస్ టీవీ అనే చందా సేవ కావాలి. అదీ ఏటీపీదే, కానీ దానికి డబ్బు కట్టాలి. ఆ ఏడాది ఫ్రెంచ్ ఓపెన్‌కు మళ్లీ సోనీ, వింబుల్డన్‌కు స్టార్, ఒలింపిక్స్‌కు జియోసినిమా. ఛాలెంజర్ టీవీ టోర్నమెంట్ స్థాయిని అనుసరిస్తుంది, ఆటగాణ్ణి కాదు. అభిమాని మాత్రం ఆటగాణ్ణి అనుసరిస్తాడు. ఎదిగిన కొద్దీ ఆటగాడు ఈ ఉచిత తెర నుంచి దూరమవుతాడు, చూసేవారికి ఖర్చు పెరుగుతుంది. హక్కులు వేర్వేరు చేతుల్లో ఉన్నంత కాలం ఇది మారదని తెలుసు. కనీసం ఏటీపీ తన రెండు సేవలనూ ఒకే చోట పెట్టి, ఒక ఆటగాడి పేరు నొక్కితే అతని మ్యాచ్‌లన్నీ వరుసగా కనిపించే ఏర్పాటు చేస్తే మాలాంటివారికి ఎంతో మేలు జరుగుతుంది.

జూన్‌లో ఆయన మళ్లీ ఈ తెర మీదికి వచ్చాడు. ఫ్రెంచ్ ఓపెన్ తొలి రౌండ్‌లో కారెన్ ఖచనోవ్ చేతిలో ఓడాక జర్మనీలోని హైల్‌బ్రాన్ ఛాలెంజర్‌లో ఆడాడు. సీజన్ మొత్తంలో నాకు అన్నిటికంటే నచ్చిన వారం అదే. ఎర్ర మట్టి మీద, అలెగ్జాండర్ రిట్షార్డ్‌తో జరిగిన ఫైనల్‌ను 6-1, 6-7, 6-3తో గెలిచి 77వ ర్యాంకుకు చేరాడు, పారిస్ ఒలింపిక్స్ బెర్తును దాదాపు చేతికి తెచ్చుకున్నాడు. రెండో సెట్టు టైబ్రేక్‌లో చేజారిన తరువాత మూడో సెట్టు మొదట్లో ఆయన ఆటలో తొందర కనిపించలేదు. బంతిని ఇంకాస్త ఎత్తున, ఇంకాస్త లోతుగా పంపుతూ అవతలివాణ్ణి వెనక్కి నెట్టాడు. మట్టి కోర్టులో ఈ కెమెరాకు ఒక లోపం ఉందని ఒప్పుకోవాలి. అనుమానం వచ్చినప్పుడు చైర్ అంపైర్ దిగి వచ్చి బంతి పడిన గుర్తును వేలితో చూపిస్తాడు. ఆ వేలు కనిపిస్తుంది, గుర్తు కనిపించదు. మరుసటి వారం పెరూజాలో కూడా ఫైనల్‌కు చేరి లూచానో దార్దేరీ చేతిలో ఓడాడు. జూలై 15న ఆయన ర్యాంకు 68కి చేరింది, అదే ఆయన జీవితంలో అత్యుత్తమ స్థానం.

ఈ ఏడాదిని లెక్కల్లో చూస్తే ఛాలెంజర్ టీవీ విలువ ఇంకా స్పష్టమవుతుంది. చెన్నైలో టైటిల్ గెలిచినందుకు నాగల్‌కు దక్కినది సుమారు 18 వేల డాలర్లు, 100 పాయింట్లు. వింబుల్డన్ తొలి రౌండ్‌లో మియొమిర్ కెచ్‌మనోవిచ్ చేతిలో ఓడినందుకు వచ్చినది 60,000 పౌండ్లు, 10 పాయింట్లు. అమెరికన్ ఓపెన్ తొలి రౌండ్‌లో టాలన్ గ్రీక్స్‌పోర్ చేతిలో ఓడినందుకు 1,00,000 డాలర్లు, మళ్లీ 10 పాయింట్లే. డబ్బు గ్రాండ్ స్లామ్‌లలో ఉంది. ఆ గ్రాండ్ స్లామ్‌లలోకి క్వాలిఫయింగ్ లేకుండా నేరుగా అడుగుపెట్టడానికి కావలసిన పాయింట్లు మాత్రం చెన్నై, హైల్‌బ్రాన్, పెరూజా లాంటి చోట్ల దొరుకుతాయి. ఏ టోర్నమెంట్‌లో సంపాదించిన పాయింట్లయినా 52 వారాలే నిలుస్తాయి, ఆ పైన రాలిపోతాయి. కాబట్టి గెలిచిన ప్రతి వారమూ వచ్చే ఏడాది అదే వారానికి ఒక బాకీగా మారుతుంది. కోచ్, ఫిజియో, విమానాలు, హోటళ్లు కలిపి ఏడాదికి తనకు కోటి రూపాయల దాకా ఖర్చవుతుందని నాగల్ స్వయంగా చెప్పిన నేపథ్యంలో, 2024 నుంచి ఏటీపీ మొదలుపెట్టిన కనీస ఆదాయ హామీ పథకం ఎంత ముఖ్యమో గ్రహించవచ్చు. దాని ప్రకారం 2024లో మొదటి వందలోని వారికి ఏడాదికి 3,00,000 డాలర్లు, 101 నుంచి 175 వరకు ఉన్నవారికి 1,50,000, 176 నుంచి 250 వరకు 75,000 డాలర్లు తక్కువ పడకుండా చూశారు. 98కీ 101కీ మధ్య తేడా ఎంతటిదో ఈ అంకెలు చెబుతాయి. ఆ తేడాను నిర్ణయించిన బ్రేక్ పాయింట్లు, అంటే ప్రత్యర్థి సర్వీస్ గేమ్‌ను లాక్కునే అవకాశాలు, ఉచిత తెర మీద, ఒకే కెమెరా ముందు, పెద్దగా ప్రేక్షకులు లేని కోర్టుల్లో జరిగాయి.

బెంగళూరు నుంచి చూసేవారికి వేళల విషయంలో కూడా ఈ సేవ అనుకూలమే. వేసవిలో జర్మనీ, ఇటలీలు మనకంటే మూడున్నర గంటలు వెనుక ఉంటాయి. అక్కడ ఉదయం పదకొండుకు మొదలయ్యే ఆట మనకు మధ్యాహ్నం రెండున్నరకు వస్తుంది, సాయంత్రపు మ్యాచ్ రాత్రి భోజనాల వేళకు పడుతుంది. మెల్‌బోర్న్ జనవరిలో అయిదున్నర గంటలు ముందు, న్యూయార్క్ తొమ్మిదిన్నర గంటలు వెనుక కావడంతో గ్రాండ్ స్లామ్‌లకే నిద్ర చెడగొట్టుకోవాల్సి వస్తుంది. కెమెరా ఒక్కటే కావడం వల్ల చిత్రం ఫోన్ డేటా మీద కూడా నిలకడగానే వస్తుంది. మెట్రోలో ప్రయాణిస్తూ చూడవచ్చు, కానీ కోర్టు మొత్తం ఒకేసారి కనిపించే ఈ చిత్రం చిన్న తెరకు తగదు, బంతి కనబడదు. ల్యాప్‌టాప్ లేదా టీవీ తెర ఉంటేనే దీని ప్రయోజనం పూర్తిగా దక్కుతుంది. వాన పడితే కవర్లు కప్పిన కోర్టును చూస్తూ కూర్చోవాలి తప్ప మరో కార్యక్రమం రాదు. భారతీయ భాషల్లో వ్యాఖ్యానం లేకపోవడం మరో కొరత. మన దగ్గర టెన్నిస్ తెలిసి తెలుగులో చక్కగా చెప్పగలిగినవారు లేకపోలేదు. కనీసం ఫిబ్రవరిలో మన దేశంలో జరిగే టోర్నమెంట్లకైనా అలాంటి ప్రయత్నం చేస్తే ఆంధ్ర, తెలంగాణల్లోని అకాడమీ పిల్లలకు అది పాఠంలా పనికొస్తుంది.

ఎవరికి సిఫారసు చేస్తానంటే, పిల్లలను ఈ ఆటలో పెట్టినవారికీ, తాము స్వయంగా ఆడేవారికీ ఏ సందేహమూ లేకుండా చేస్తాను. పెద్ద పేర్ల కోసం, ఉత్కంఠ కోసం చూసేవారు చందా సేవల దగ్గరే ఉండటం మంచిది. నాగల్‌ను అనుసరించాలనుకునేవారికి మాత్రం ఇప్పుడు ఇదే తగిన చోటు. 2025 జనవరిలో మెల్‌బోర్న్ తొలి రౌండ్‌లోనే టోమాష్ మాచాక్ చేతిలో ఓడాక, ఏడాది కిందట సంపాదించిన పాయింట్లు రాలిపోయి ఆయన మొదటి వందలో నుంచి జారిపోయాడు. అప్పటి నుంచి మళ్లీ ఛాలెంజర్ల బాట పట్టాడు. ఛాలెంజర్ వారం సాధారణంగా ఆదివారం, సోమవారాల్లో క్వాలిఫయింగ్‌తో మొదలవుతుంది, మెయిన్ డ్రా సోమవారం నుంచి సాగుతుంది. ఆదివారం సాయంత్రం ఏటీపీ సైట్‌లో డ్రాలు తెరిచి ఆయన పేరు ఏ ఊళ్లో ఉందో చూసుకుంటే, ఆ వారం ఏ కోర్టు తెరవాలో తెలిసిపోతుంది.